బస్తా లెక్క – బ్రతుకు లెక్క

సంక్రాంతి దాటినది మొదలు ఆర్మూరు ప్రాంతమున ఏ ఊరికి పోయినను పసుపు వాసనయే ఎదురువచ్చును. జూన్ నెలలో నాటిన దుంప తొమ్మిది నెలలు భూమిలో పెరిగి, జనవరి మొదలు మార్చి వరకు త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన దుంపను ఉడుకబెట్టుదురు, కళ్ళములలో ఎండబోయుదురు, మెరుగు పట్టింతురు. కొమ్ము వేరు, గోళ వేరు చేసి బస్తాలకెత్తుదురు. ఇంత శ్రమ ముగిసిన పిదప రైతు ఇంటి అరుగుమీద కూర్చుండి వేయు లెక్క యొకటి కలదు. దానిని ఏ పాఠశాలయు నేర్పలేదు. అయినను అది తప్పుట అరుదు.

పసుపును నిజామాబాదు మార్కెట్ యార్డునకు తోలవలెనా, మహారాష్ట్రలోని సాంగ్లీకి తోలవలెనా అన్నదే ఆ లెక్క. సాంగ్లీ ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. అచ్చట క్వింటాలుకు ధర ఎక్కువ పలుకుచున్నదని వినినంత మాత్రమున రైతు లారీ మాట్లాడడు. బాడుగ యెంత? హమాలి యెంత? అడితి యెంత? తూకములో తరుగు యెంత? ధర కుదురువరకు తాను అచ్చట ఉండవలసిన దినములకు తిండి, బస ఖర్చు యెంత? తిరిగి వచ్చు ఛార్జి యెంత? ఇన్నియు తీసివేసి, మిగిలినదానిని నిజామాబాదు ధర ప్రక్కన నిలిపి చూచును. నాలుగు రూపాయలు మిగులునని తేలిననే బస్తా ఇల్లు కదలును.

అదే ఇంటినుండి మనుష్యులు కదలునపుడు ఈ లెక్క ఏమగునో తెలియదు. భివండికో, ముంబైకో, సూరతునకో కుటుంబముతో పోవలెనని నిశ్చయించిన దినమున రైలు టిక్కెట్టు ధర తెలిసికొందురు. అచ్చటి నెలకూలి తెలిసికొందురు. ఈ రెండు అంకెల నడుమ నున్న దంతయు దేవునికి వదలుదురు. పసుపు బస్తాకు పది ప్రశ్నలు వేసిన నోరు, భార్యాబిడ్డల ప్రయాణమునకు రెండే ప్రశ్నలతో ఊరకుండును.

2025 జనవరి 14న నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. పంటకు బోర్డు వచ్చినది. కాని ఆ పంటను పండించి, చాలక, పొరుగు రాష్ట్రమునకు మూట కట్టుకొని పోవు కుటుంబమునకు అట్టి బోర్డు లేదు. తన లెక్క తానే వేసికొనవలెను. ఆ లెక్కలో సాయపడగలవాడు ఊరిలో ఒకడు కలడు. అతడు షాహుకారు కాడు, లారీ యజమాని కాడు. పిల్లలకు బదిలీ పత్రము వ్రాసియిచ్చు ఉపాధ్యాయుడు.

రాకపోకల నేల

ఆర్మూరు రాకపోకలకు పుట్టిన ఊరు. సిద్ధులగుట్ట నల్లరాళ్ళ నీడలో, శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు సాగు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదు మీదుగా జగదల్‌పూరు దిక్కునకు పోవు 63వ రహదారియు కలిసికొనును. రైలు మాత్రము చాలకాలము ఈ ఊరికి అందలేదు. 1900 ప్రాంతమున హైదరాబాదు – గోదావరిలోయ రైలుమార్గము నిజామాబాదు మీదుగా మన్మాడు వరకు పడినది. ఆర్మూరువారు బండ్లమీదనో, తరువాతి కాలమున బస్సులమీదనో నిజామాబాదు చేరి ఆ రైలెక్కవలెను. అది చిన్నగేజి మార్గము. బొంబాయి పోవువారు మన్మాడులో దిగి పెద్దగేజి బండికి మారవలెను. మూటలు దింపి మరల ఎక్కించు కూలి, బండి దొరకువరకు ప్లాట్‌ఫారముమీద తినిన తిండి, ఆనాటి ప్రయాణపు లెక్కలో తప్పనిసరి పద్దులు. 2017లో పెద్దపల్లి – నిజామాబాదు మార్గము పూర్తియైన పిదపనే ఆర్మూరులో రైలుకూత వినబడినది.

ఈ దారులవెంట పోయినవారు ఎందరో! హైదరాబాదు రాజ్యపు తెలుగు శ్రామికులు పందొమ్మిదవ శతాబ్దిలోనే బొంబాయి చేరి, ఆ నగరపు కట్టడములకు రాళ్ళు మోసిరి. వారిని అచ్చట కామాఠీలనిరి. వారు నివసించిన వాడకు కామాఠీపురమను పేరు నిలిచినది. షోలాపురమున 1877లో తొలి నూలుమిల్లు వెలసిన తరువాత ఆ పట్టణము తెలంగాణపు పద్మశాలి కుటుంబములకు రెండవ పుట్టిల్లయినది. పిదప భివండి మరమగ్గములు పిలిచినవి. ఒకరు ముందు పోయి కుదురుకొనుట, తరువాత తమ్ముని పిలుచుట, ఆ తరువాత ఆడువారిని, పిల్లలను రప్పించుకొనుట — ఇది ఆ వలసలలో తరచుగా కానవచ్చు క్రమము. ముందు పోయినవాని గది, వెనుక వచ్చినవానికి సత్రము. ఏ పుస్తకములోను వ్రాయకున్నను, అదియే వారి ప్రణాళిక.

పోయినవారే కాదు, వచ్చినవారును కలరు. మంజీరానదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము నీటిని చూచి, కోస్తా జిల్లాల రైతులు బోధన్, వర్ని, బాన్సువాడ ప్రాంతములకు తరలివచ్చిరి. వారు కట్టుకొన్న పల్లెలు నేటికిని ‘క్యాంపు’లనియే పిలువబడుచున్నవి. ఆనాడు వారిది మద్రాసు రాజధాని, ఇది నిజాము రాజ్యము. ప్రభుత్వము వేరు, కచేరీ భాష వేరు, తుదకు నాణెమే వేరు. ఇచ్చట హాలీ సిక్కా చెల్లెడిది. ఆరు బ్రిటిషు రూపాయలకు ఇంచుమించు ఏడు హాలీ రూపాయలు వచ్చెడివి. 600 రూపాయలు తెచ్చినవాని చేతిలో 700 రూపాయలు కనబడెడివి. చేతిలోని సంఖ్య పెరిగినది, సంపద పెరిగినదా? లేదు. ఎన్ని రూపాయలన్నది కాదు, ఆ రూపాయకు ఇచ్చట ఏమి వచ్చునన్నదే ప్రశ్న. హాలీ సిక్కా 1950 దశాబ్దమున చెలామణినుండి తొలగిపోయినది. అది నేర్పిన పాఠము మాత్రము తొలగలేదు. నేడు దేశమంతటను నాణెము ఒక్కటియే. అయినను ఆర్మూరు రూపాయ వేరు, ముంబై రూపాయ వేరు.

మరియొక విశేషము. మనుష్యులు కదలకున్నను గీతలు కదలును. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినపుడు నిజామాబాదు ఆంధ్రప్రదేశ్‌లో చేరినది. ప్రక్కనున్న నాందేడు బొంబాయి రాష్ట్రములోనికి పోయి, 1960 మే 1న మహారాష్ట్ర అయినది. నిన్నటివరకు ఒకే రాష్ట్రముగా నున్న దేగలూరు, ధర్మాబాదు ఒక్క రాత్రిలో పొరుగు రాష్ట్రములైనవి. 2014 జూన్ 2న విజయవాడయు అట్లే అయినది. ఈ గీత నేలమీద కనబడదు; బడి రిజిస్టరులో, కుల ధ్రువపత్రములో, బియ్యపు కార్డులో కనబడును. అందుచేత రాష్ట్రము దాటు ప్రయాణమునకు ఖర్చు లెక్క కిలోమీటర్లతో తేలదు.

పచ్చి దుంప, ఎండు కొమ్ము

పచ్చి పసుపు ఐదు క్వింటాళ్ళు ఉడికి, ఎండి, మెరుగు పట్టిన పిదప ఇంచుమించు ఒక్క క్వింటాలుగా తేలును. ఈ సంగతి ఎరుగని రైతు లేడు. పచ్చి దుంపల రాశిని చూచి కూతురి పెండ్లి నిశ్చయించువాడు ఉండడు. కాని నగరపు జీతము వినునపుడు అందరును పచ్చి దుంపనే చూతురు. దానిని ఉడికించి, ఎండబెట్టి చూడవలెను.

తరగతిలో నల్లబల్లమీద వేయదగిన లెక్క యొకటి కలదు. ఇందలి అంకెలు ఊహింపబడినవి. ఎవరి కుటుంబమునకు తగినవి వారు వేసికొనవచ్చును. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు నగరమునకు పోవుచున్నారు. అవ్వ ఊరిలోనే ఉండును. తండ్రికి నెలకు 25,000 రూపాయలు వచ్చుననుకొనిన, గది అద్దె 7,000. తిండికి 8,000. రాకపోకలకు, దీపమునకు, ఫోనుకు 2,000. అవ్వకు పంపునది 2,000. బయలుదేరుటకు తెచ్చిన అప్పుపై వడ్డీ 1,000. మొత్తము 20,000. మిగిలినది 5,000. ఐదు క్వింటాళ్ళ పచ్చి దుంప ఒక్క క్వింటాలు కొమ్ముగా తేలినట్లే!

ఆ అప్పు ఎట్లు వచ్చినది? గదికి ముందుగా కట్టవలసిన డిపాజిట్టు 20,000. గది చూపిన దళారికి ఒక నెల అద్దె 7,000. నలుగురి ప్రయాణము, సామాను చేరవేత 6,000. మొదటి జీతము చేతికి వచ్చువరకు ఒక నెల అద్దె, తిండి, రాకపోకలు 17,000. అంతయు కలిసి 50,000. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో వడ్డీయే నెలకు వెయ్యి. మిగిలిన ఐదువేలును అసలుకు కట్టుచు పోయినచో పది నెలలు పట్టును. అసలు తగ్గినకొలది వడ్డీయు తగ్గునుగాని, ఒక్క జ్వరము, ఒక్క పండుగ, ఒక్క చావుకబురు ఆ తగ్గింపును మింగివేయును. పదకొండవ నెలలోగాని ఆ యింటివారు తమదని చెప్పుకొనదగిన మొదటి రూపాయ చేతికి రాదు. మహారాష్ట్రలో ఇండ్ల అద్దె ఒప్పందములు తరచుగా పదకొండు నెలలకే వ్రాయుదురు. అనగా మొదటి రూపాయ మిగులు నెలలోనే యింటి యజమాని అద్దె పెంపు మాట ఎత్తును. కాదనిన మరల దళారి, మరల డిపాజిట్టు.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలనిరి. ఆ రెండింటిని చేసినవారు సయితము ఊరు మారి చూచిననే ఈ లెక్క తెలియును.

ఇంకను ఒక పద్దు మిగిలినది. అది ఎవరును వ్రాయని పద్దు. ఆర్మూరు ప్రాంతమున వేలకొలది ఇండ్లలో స్త్రీలు బీడీలు చుట్టుదురు. ఆకు, తంబాకు కంపెనీ యిచ్చును. వెయ్యి బీడీలకు ఇంత యని కూలి వచ్చును. వంటకు, పిల్లల పనికి నడుమ దొరికిన ప్రతి గడియయు చాటలోనికి పోవును. ఇల్లాలు నగరమునకు పోయిన దినమున ఆ చాట మూలబడును. అది నెలకు మూడువేలు తెచ్చుచుండెననుకొనిన, ఐదువేల మిగులులో నిజమైన లాభము రెండువేలే. ఆమె భవిష్యనిధి ఖాతాలోని చందాయు ఆగిపోవును. ఇంటి యజమానిని అడిగిన ఈ పద్దు చెప్పడు. ఇల్లాలిని అడిగిన మొదట ఇదియే చెప్పును. కావున వలస లెక్క వేయునపుడు ఆమె లేకుండ వేసిన లెక్క సగము లెక్క.

ఇంత చెప్పినది పోవలదనుటకు కాదు. రెండువేలే మిగిలినను పోవుట మేలైన ఇండ్లు కలవు. నీరు లేని బోరు, నిలువని పంట ఉన్నచోట ఆ రెండువేలే దిక్కు. కాని తెలిసి పోవుట వేరు, తెలియక పోవుట వేరు. తెలిసి పోయినవాడు మొదట తానొక్కడే పోయి, ముందు పోయిన బంధువు గదిలో రెండు నెలలుండి, డిపాజిట్టు సొమ్ము కూడబెట్టి, పిదప కుటుంబమును రప్పించుకొనును. అప్పు సగమగును. షోలాపురము దారి పట్టిన తాతలు చేసినది ఇదియే.

మూటలో ఏమి పెట్టవలెను

సామాను విషయము కొద్దిగా చెప్పిన చాలును. రైలులో సాధారణ రెండవ తరగతి ప్రయాణికుడు 35 కిలోలు, స్లీపరు తరగతివాడు 40 కిలోలు రుసుము లేకుండ తీసికొనిపోవచ్చును. నలుగురి కుటుంబమునకు గిన్నెలు, బట్టలు, పరుపులు ఇందులో సరిపోవును. ఇనుప మంచము, బీరువా, రోలు కూడ కదలవలెనన్నచో లారీ కావలెను. రహదారి కూడలి ఊరివారికి ఒక సౌకర్యము కలదు: సరకు దింపి ఉత్తగా తిరిగిపోవు బండి తక్కువ బాడుగకే ఒప్పుకొనును. అట్టి తిరుగుబండి దొరకువరకు నాలుగు దినములు ఆగుట లాభము. అయినను పాత మంచపు వెలయు, దాని బాడుగయు ప్రక్కప్రక్కన వ్రాసి చూచిన పిదపనే దానిని బండి యెక్కింపవలెను. బాడుగ వెలను మించినచో మంచము అవ్వకే మిగులవలెను.

మోటారుసైకిలు ఉన్నవారు 1988 నాటి మోటారు వాహనముల చట్టమును గుర్తుంచుకొనవలెను. వేరొక రాష్ట్రమున పన్నెండు నెలలకు మించి ఉంచిన వాహనమునకు అచ్చటి నమోదు సంఖ్య తీసికొనవలెను. దానికి ఇచ్చటి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. అచ్చట పన్నును కట్టవలసి యుండును. ఇదియు ఒక పద్దే.

బదిలీ పత్రము

పసుపు అమ్మకము, బడి సెలవులు ఇంచుమించు ఒకే కాలమున వచ్చును. ఏప్రిల్‌లో చేతికి సొమ్ము వచ్చును, పరీక్షలు ముగియును. అందుచేత మే నెలలో కదలుట పిల్లలకు మేలు. విద్యాసంవత్సరము నడుమ, దసరాకో సంక్రాంతికో కదలినచో ఆ యేడు రెండు బడులకును చెందకుండ పోవును. బయలుదేరు దినమును రైలు సీటునుబట్టి కాక, బడి సెలవునుబట్టి నిర్ణయించుట మొదటి సూత్రము.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల పిల్లలకు గొప్ప అండ. బదిలీ పత్రము అడిగిన వెంటనే ప్రధానోపాధ్యాయుడు ఇవ్వవలెను. అది ఆలస్యమైనదన్న కారణమున క్రొత్త బడి ప్రవేశమును నిరాకరింపరాదు. పొరుగు రాష్ట్రమునకు పోయినను ఈ హక్కు పోదు. బిడ్డను వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనుకబడిన పాఠములకు ప్రత్యేక శిక్షణ ఇవ్వవలెను. ఈ మాట తల్లిదండ్రులకు తెలియదు. తెలియక, పత్రము చేతికి రాలేదని పిల్లవానిని పనిలో నిలిపినవారు ఉందురు. బదిలీ పత్రముతోపాటు ఈ నాలుగు మాటలు చెప్పి పంపిన ఉపాధ్యాయుడు ఒక యేటి చదువును కాపాడినవాడగును.

తరువాతిది భాష. ముంబై నగరపాలక సంస్థ ఎనిమిది భాషలలో పాఠశాలలు నడుపుచున్నది. వానిలో తెలుగు ఒకటి. కాని తాము దిగబోవు వాడకు ఆ బడి ఎంత దూరము, ఏ తరగతివరకు ఉన్నదని పోకముందే విచారింపవలెను. మహారాష్ట్ర 2020లో చేసిన చట్టముచే అచ్చటి బడులన్నింటను పదవ తరగతివరకు మరాఠీ నేర్పుట తప్పనిసరి యైనది. తెలంగాణ 2018లో చేసిన చట్టము ఇచ్చట తెలుగును అట్లే తప్పనిసరి చేసినది. రెండును న్యాయమైన చట్టములే. కాని ఏడవ తరగతిలో అచ్చటికి పోయిన బిడ్డ మరాఠీ ఓనమాలతో మొదలిడవలెను. మూడేండ్లకు తిరిగి వచ్చినచో మరచిన తెలుగుతో మరల మొదలిడవలెను. మొదటి రెండు తరగతులలోని పిల్లలకు ఇది ఆట. ఏడు, ఎనిమిది తరగతులవారికి ఇది బరువు. మాధ్యమము మార్చక తప్పనిచోట ట్యూషను ఖర్చును లెక్కలో వ్రాయవలెను.

అన్నింటికంటె గుప్తమైన పద్దు ‘స్థానికత’. ఇది బయలుదేరిన దినమున కనబడదు, పదేండ్లకు కనబడును. రాజ్యాంగపు 371–డి అధికరణము క్రింద 2018లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుచే, ఒకటి నుండి ఏడు వరకు గల తరగతులు ఎక్కడ చదివెనన్నదానిని బట్టి తెలంగాణ ప్రభుత్వోద్యోగములలో అభ్యర్థి స్థానికుడా కాడా అన్నది తేలును. వైద్యవిద్యలో ప్రవేశమునకు తొమ్మిదవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ వరకు నాలుగేండ్లు వరుసగా ఈ రాష్ట్రమున చదివి యుండవలెనన్న నియమమును 2025 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానము సమర్థించినది. ప్రభుత్వ సేవలో బయట ఉండవలసి వచ్చిన కొందరి బిడ్డలకు మినహాయింపు కలదు. మగ్గము నేయబోయినవాని బిడ్డకు ఆ మినహాయింపు వర్తింపదు. తండ్రి తొమ్మిదవ తరగతి బిడ్డను వెంటబెట్టుకొని రైలెక్కినపుడు, తెలియకయే ఆ బిడ్డ ముందున్న ఒక తలుపును మూసి పోవుచున్నాడు. ఆ బిడ్డను అవ్వవద్దనో, వసతిగృహముననో ఉంచి పదవ తరగతి, ఇంటరు ముగింపించుట మేలా అన్న ప్రశ్న ముందే వేసికొనవలెను. సమాధానము ఏదైనను కావచ్చును. ప్రశ్న మాత్రము తప్పరాదు.

కుల ధ్రువపత్రమును ఇట్టిదే. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు గల కుటుంబమొకటి, తండ్రి ఉద్యోగమువలన బొంబాయి చేరినది. బిడ్డ అచ్చటనే చదివి పెరిగి, ఆ నగరములోని సేఠ్ జి.ఎస్. వైద్యకళాశాలలో తన తెగ కోటాక్రింద సీటు కోరినాడు. తగాదా సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము వరకు పోయినది. ఒక రాష్ట్రమున లభించిన షెడ్యూల్డు గుర్తింపు, వలసపోయిన రాష్ట్రమున రిజర్వేషను హక్కుగా వెంటరాదని 1990లో తీర్పు వచ్చినది. బాల్యమునుండి అచ్చటనే ఉన్న బిడ్డ అచ్చటి కోటాకు చెందలేదు; విడిచివచ్చిన ఊరు ఏనాడో దూరమైనది. రెండు రాష్ట్రముల నడుమ పడిన బిడ్డ కథ యిది. వలసపోవు ప్రతి యింటివారు తెలిసికొనవలసిన కథ.

అందుచేత బదిలీ పత్రముతోపాటు ఆయా తరగతులు చదివినట్లు బోనఫైడ్ పత్రములు, పుట్టిన తేదీ పత్రము, కుల, నివాస ధ్రువపత్రములు బయలుదేరుటకు ముందే తీసికొనవలెను. తరువాత ఒక్కొక్క కాగితమునకై రానుపోను రైలు ఖర్చు, పోగొట్టుకొన్న కూలి కలిపిన వేలగును. బడిలో ఉచితముగా దొరకు కాగితము, నగరమునుండి తిరిగివచ్చి తీసికొనినచో అన్నింటికంటె ఖరీదైన సామాను.

చట్టము వేసిన లెక్క

ఊరివారు వేయని లెక్కను ఒకప్పుడు చట్టము వేసినది. ఒరిస్సానుండి ‘దాదన్’ పేరిట మేస్త్రీలు తోలుకొనిపోయిన కూలీల దుస్థితిని చూచి, 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము చేసినది. గుత్తేదారు ద్వారా పోవు కార్మికునికి స్థానచలన భత్యముగా నెలకూలిలో సగమో, 75 రూపాయలో, ఏది ఎక్కువైన అది ఇవ్వవలెను. అది తిరిగి వసూలు చేయరాదు. పోవుటకును వచ్చుటకును ఛార్జీలకు తక్కువ కాకుండ ప్రయాణ భత్యము ఇవ్వవలెను. ప్రయాణములో గడచిన దినములకును కూలి కట్టవలెను. ఎంత చక్కని లెక్క! ఊరు మారుటయే ఒక నష్టమనియు, తిరుగు ప్రయాణము ఖర్చులో భాగమనియు ఆ చట్టము గుర్తించినది. అమలు మాత్రము చాలచోట్ల కాగితము దాటలేదు. 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి దాని స్థానమున నిలిచినది. అందులో ఊరికి పోయివచ్చు ప్రయాణ భత్యము మిగిలినది. స్థానచలన భత్యము మిగులలేదు.

బియ్యపు కార్డు విషయమున కొంత మేలు జరిగినది. 2022 నాటికి దేశమంతట ఒకే కార్డు పద్ధతి వ్యాపించినది. ఆర్మూరు కార్డుతో భివండి దుకాణమున ధాన్యము తీసికొనవచ్చును. ఊరిలో ఉన్న అవ్వ తన వంతును ఇచ్చటనే తీసికొనవచ్చును. అయితే కేంద్రపు ఆహారభద్రతా చట్టము క్రింది వంతే సరిహద్దు దాటును. రాష్ట్రము తనంతట ఇచ్చు అదనపు మేళ్ళు దాటవు.

విత్తనపు పసుపు

2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు స్తంభించినవి. రైళ్ళు ఆగినవి. నగరములలోని కార్మికులు పిల్లలను భుజములమీద మోసికొని వందల కిలోమీటర్లు నడిచిరి. 44వ రహదారియు ఆ నడకను చూచినది. మే 1న తొలి శ్రామిక రైలు తెలంగాణలోని లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు బయలుదేరినది. ఆ దినములలో చేతిలో సొమ్మున్నవానికి సయితము దారి దొరకలేదు, నిజమే. కాని ఒక నెల తిండికి సొమ్ము దాచుకొన్నవాడు గదిలో నిలిచి రైలుకై ఎదురుచూడగలిగెను. ఏమియు దాచలేనివానికి నడకయే దిక్కయ్యెను.

పసుపు రైతుకు ఒక నియమము కలదు. ధర ఎంత పలికినను దుంపనంతటిని ఉడుకబెట్టడు. ఎకరమునకు ఎనిమిది నుండి పది క్వింటాళ్ళ దుంపను విత్తనమునకై వేరు చేసి, చెట్టునీడలో కుప్పపోసి, ఆకులు కప్పి జూన్ వరకు కాపాడును. అప్పు తరుముచున్నను ఆ కుప్పను ముట్టడు. అది సొమ్ము కాదు. వచ్చే యేటి పొలము.

ఊరు విడిచి పోవు కుటుంబమునకును అట్టి విత్తనపు కుప్ప యొకటి కావలెను. నలుగురి తిరుగు టిక్కెట్టు, ఒక నెల తిండి, పిల్లల కాగితముల కట్ట — ఈ మూడును అన్ని పద్దులకంటె ముందు వేరు చేసి దాచవలెను. మిగిలిన సొమ్ముతో పోగలిగిననే పోవలెను; చాలదన్నచో మరియొక పంటవరకు ఆగవలెను, లేదా ఒక్కడే ముందు పోవలెను.

జూన్ నెలలో బడులు తెరచినపుడు ఆర్మూరు ప్రాంతపు తరగతులలో ఒకటి రెండు స్థలములు ఖాళీగా కనబడును. హాజరుపట్టీలో ఆ పేర్లకు ఎదురుగా ‘బదిలీ’ అని ఎఱ్ఱసిరాతో వ్రాయుదురు. అంతటితో రిజిస్టరు పని ముగియును. ఆ యెఱ్ఱ అక్షరములకు ముందు, వేసవిలో ఒక సాయంకాలము, ఆ తల్లిదండ్రులను కూర్చుండబెట్టి పసుపు బస్తాకు వేసిన లెక్కనే బిడ్డకును వేయించిన ఉపాధ్యాయుడున్నచో, అదే సమయమున పొలములో విత్తనము మొలకెత్తుచున్నట్లు, ఎక్కడనో పొరుగు రాష్ట్రపు బడిలో ఆ బిడ్డ పేరు మరల హాజరుపట్టీకెక్కును.